పేరును పలుకు ముక్కలుగా విడదీసి సరిగా ఉచ్చరించడం ఎలా: 'జ్ఞానప్రసూనాంబ' ఆధారంగా సమగ్ర మార్గదర్శి

శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఒడ్డున ఉన్న వాయులింగ క్షేత్రంలో అమ్మవారి పేరు జ్ఞానప్రసూనాంబ. ఆ తల్లి పేరు పెట్టుకున్న ఆడపిల్లలు తెలుగునాట చాలామంది ఉన్నారు. కొందరి పేరు జ్ఞానప్రసూన, కొందరి పేరు జ్ఞానాంబ, మరికొందరి పేరు ఒట్టి ప్రసూన. బడిలో హాజరు పిలిచే ఉపాధ్యాయులు, వేదిక మీద పేర్లు చదివే వ్యాఖ్యాతలు, విదేశాల్లో తమ పిల్లల పేరును ఇతరులకు నేర్పవలసిన తల్లిదండ్రులు ఎక్కువగా తడబడేది ఇటువంటి పేర్ల దగ్గరే. ఈ ఒక్క పేరులో సంయుక్తాక్షరం, సమాసం, సంధి, దీర్ఘం, సున్న అన్నీ ఉన్నాయి కాబట్టి, దీన్ని క్రమంగా విడదీయడం నేర్చుకున్నవారు తెలుగు పేర్లలో దాదాపు దేన్నయినా విడదీయగలుగుతారు. అందుకే ఈ మార్గదర్శి మొత్తానికీ దీన్నే ఆధారంగా తీసుకుని, అవసరమైన చోట ఇతర పేర్లను పక్కన పెట్టి చూపుతున్నాను.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పేరును విడదీయవలసింది చెవికి వినిపించే పద్ధతిలో. కాగితం మీద కనిపించే అక్షరాల వరుస అందుకు సహాయపడుతుంది గానీ, చాలా పేర్లలో రాతలోని విభజన వేరు, నోటిలోని విభజన వేరు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లనే ఎక్కువ తప్పులు పుడుతున్నాయి.

1. పేరును పూర్తి రూపంలో, తెలుగు లిపిలో రాసుకోండి

ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేరును చూసి విభజన మొదలుపెట్టకండి. ఇంగ్లీషులో ఒక్క 'ఏ' అక్షరమే అ, ఆ అనే రెండు అచ్చులకూ నిలుస్తుంది; 'ఎన్' ఒక్కటే న, ణ రెండింటికీ, 'ఎల్' ఒక్కటే ల, ళ రెండింటికీ పనికి వస్తుంది. మన వాళ్లు త అక్షరానికి టి, హెచ్ కలిపి రాస్తారు. ఉత్తరాదివారు అదే త అక్షరానికి టి ఒక్కటే రాసి, టి-హెచ్ జంటను థ కోసం ఉంచుకుంటారు. స్వాతి అనే పేరు రెండు చోట్లా రెండు విధాలుగా కనిపించడానికి కారణం ఇదే. పాస్‌పోర్టులో యంత్రం చదివే పంక్తులు పేరు కోసం ఏ నుంచి జడ్ వరకు ఉన్న 26 అక్షరాలనే తీసుకుంటాయి, దీర్ఘాన్ని చూపే గీతలకూ చుక్కలకూ అక్కడ చోటు లేదు. కాబట్టి పత్రాల్లో ఉన్న వర్ణక్రమం ఎంత అధికారికమైనదైనా, ఉచ్చారణ విషయంలో దాన్ని సాక్ష్యంగా తీసుకోవడానికి వీల్లేదు.

తెలుగు రూపం తెలియకపోతే పేరు గల వ్యక్తినో, వారి ఇంటివారినో అడగడం ఒక్కటే సరైన దారి. ఊహించి రాయడం వల్ల ప్రసూన కాస్తా ప్రసన్న అయిపోతుంది, అవి రెండు వేర్వేరు పేర్లు. అలాగే నక్షత్రం పేరు అనూరాధ. వాడుకలో చాలామంది అనురాధ అని పెట్టుకుంటారు. రెండింటికీ ఒక మాత్ర (హ్రస్వాచ్చును పలికే కాలం) తేడా ఉంది, ఆ తేడా ఏ వైపు ఉందో చెప్పగలిగేది ఆ ఇంటివారే.

కంప్యూటరులో గానీ ఫోనులో గానీ టైపు చేసేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. రాజ్, కుమార్ అనే రెండు మాటలను కలిపి కొడితే తెరమీద 'రాజ్కుమార్' అని జ కింద క వత్తు వచ్చి చేరుతుంది, దాంతో చూసేవారు 'జ్కు' అనే లేని సంయుక్తాక్షరాన్ని పలకడానికి ప్రయత్నిస్తారు. యూనికోడ్‌లో ఇందుకోసమే అక్షరాలను కలవనివ్వని ఒక కనిపించని గుర్తు ఉంది. తెలుగు కీబోర్డులు చాలా వాటిలో అది దొరుకుతుంది. దాన్ని పెడితే 'రాజ్‌కుమార్' అని పొల్లు విడిగా నిలుస్తుంది. కీబోర్డులో ఆ గుర్తు దొరకనప్పుడు రెండు మాటల మధ్య ఖాళీ వదలడం మంచిది.

2. పేరులోని అతుకులను గుర్తించండి

సంస్కృతం నుంచి వచ్చిన మన పేర్లలో చాలావరకు సమాసాలు. జ్ఞానప్రసూనాంబ అనే పేరులో జ్ఞాన, ప్రసూన, అంబ అనే మూడు మాటలున్నాయి. ప్రసూనమంటే పువ్వు. మొదటి రెండు మాటలు పక్కపక్కన చేరాయే గానీ వాటి మధ్య అక్షరం మారలేదు. తరువాతి అతుకు దగ్గర మాత్రం ప్రసూన చివరి అకారం, అంబ మొదటి అకారం కలిసి సవర్ణదీర్ఘ సంధి వల్ల 'నా' అయింది. అంటే ఆ 'నా' సగం ప్రసూనది, సగం అంబది. పలికేటప్పుడు దాన్ని మళ్లీ రెండుగా చీల్చడానికి వీల్లేదు. 'ప్రసూన్ - ఆంబ' అని ఆగి పలకడం సరికాదు.

మరి అతుకులను గుర్తించడం దేనికంటే, ఊపిరి ఎక్కడ తీసుకోవచ్చో తెలియడానికి. పొడవైన పేరును మధ్యలో ఒక్కసారి ఆగి చదవవలసి వస్తే జ్ఞాన దగ్గర ఆగవచ్చు. 'జ్ఞానప్ర' అని ఆగి 'సూనాంబ' అనడం వినేవారికి అర్థాన్ని చెడగొడుతుంది. ఇదే విధంగా రాజ్యలక్ష్మిలో రాజ్య దగ్గర, బాలసుబ్రహ్మణ్యంలో బాల దగ్గర ఆగవచ్చు. వేంకటేశ్వర అనే పేరులో వేంకట, ఈశ్వర కలిసి గుణసంధి వల్ల 'టే' వచ్చింది కాబట్టి, అందులో ఆగడానికి చోటే లేదు. దాన్ని ఒకే ఊపిరిలో పలకాలి.

3. రాతలోని అక్షరాలను లెక్కపెట్టండి

తెలుగులో అక్షరం అంటే ఒక అచ్చు, లేదా ఒకటో రెండో మూడో హల్లులు ఒక అచ్చుతో కలిసి ఏర్పడిన గుంపు. వత్తు తన పై అక్షరంలో భాగం, సున్న తన ముందున్న అక్షరంలో భాగం, పొల్లు కూడా లెక్కలో తన ముందున్న అక్షరానికే చెందుతుంది. ఈ లెక్కన మన పేరు

జ్ఞా - న - ప్ర - సూ - నాం - బ

అని ఆరు అక్షరాలు అవుతుంది. శ్రీనివాస్ అనే పేరులో శ్రీ, ని, వాస్ అని మూడే ఉంటాయి, చివరి 'స్' విడిగా నాలుగో అక్షరం కాదు. కిరణ్ రెండక్షరాల పేరు. తెలుగు పేరు ఎంత పొడవుగా ఉన్నా ఈ దశలో తికమక ఉండదు. ఎన్ని అచ్చులు వినిపిస్తే అన్ని అక్షరాలు.

4. సంయుక్తాక్షరాలను విడదీసి పలుకు ముక్కలు కట్టండి

ఇది ఈ పని మొత్తానికీ గుండెకాయ వంటిది, నిదానంగా చూడవలసింది. మాట మధ్యలో సంయుక్తాక్షరం గానీ ద్విత్వాక్షరం గానీ వచ్చినప్పుడు, రాతలో అది ఒకే గుంపుగా కనిపించినా, నోటిలో దాని మొదటి హల్లు వెనక్కి జరిగి ముందున్న అక్షరానికి అంటుకుంటుంది; మిగిలిన భాగం తన అచ్చుతో కలిసి తరువాతి ముక్కగా నిలుస్తుంది. పద్మ అని రాతలో ప, ద్మ ఉంటాయి; పలుకులో పద్, మ వినిపిస్తాయి. దుర్గ అంటే దుర్, గ. సత్య అంటే సత్, య. కృష్ణ అంటే కృష్, ణ. లక్ష్మిలో మూడు హల్లులు ఉన్నాయి కాబట్టి మొదటిదైన క వెనక్కి పోయి లక్, ష్మి అవుతుంది.

ద్విత్వాల్లో ఇది మరింత స్పష్టంగా వినిపిస్తుంది. సుబ్బమ్మ అనే పేరు సుబ్ - బమ్ - మ. అప్పారావు అప్ - పా - రా - వు. ఎల్లమ్మ ఎల్ - లమ్ - మ. ఇతర భాషల వారు ఈ పేర్లను పలికినప్పుడు సుబమ, అపారావు, ఎలమ అని వినిపించడానికి కారణం, వారు మొదటి హల్లును వెనక్కి అంటించకుండా దాటేయడమే. పెదవులు గానీ నాలుక గానీ ఆ హల్లు మీద ఒక క్షణం నిలిచి, తరువాత విడవాలి. మన పేర్లలో ఇంత విరివిగా వచ్చే అమ్మ, అయ్య, అన్న, అప్ప అనే ప్రత్యయాలన్నీ ద్విత్వాలే కాబట్టి, ఈ ఒక్క అలవాటు కుదిరితే ఎన్నో పేర్లు చక్కబడతాయి.

ఇప్పుడు మన పేరుకు ఈ నియమాన్ని అన్వయిద్దాం. మొదట ఉన్న జ్ఞా సంయుక్తాక్షరమే అయినా దానికి ముందు ఏ అక్షరమూ లేదు కాబట్టి వెనక్కి జరగడానికి చోటు లేదు, అది మొత్తంగా ఒకే ముక్కగా నిలుస్తుంది. శ్రీ, ప్రియ, స్వాతి, జ్యోతి మొదలైన పేర్లలో తొలి అక్షరానికి కూడా ఇదే వర్తిస్తుంది. తరువాత న, ప్ర ఉన్నాయి. ఇక్కడ పకారం వెనక్కి జరిగి 'నప్' అవుతుంది, 'ర' మిగులుతుంది. సూ అలాగే ఉంటుంది. 'నాం'లోని సున్న తరువాతి బకారానికి అనుగుణంగా మకారమై 'నామ్' అవుతుంది. చివరికి బ. అంతా కలిపితే

జ్ఞా - నప్ - ర - సూ - నామ్ - బ.

రాతలోనూ పలుకులోనూ ముక్కల సంఖ్య ఆరే, మారింది కోత పడే చోటు మాత్రమే. అయితే ఇక్కడ ఒక తేడాను గమనించాలి. జ్ఞాన, ప్రసూన అని విడివిడిగా రెండు పేర్లుగా రాసి, మధ్య ఆగి చదివినప్పుడు పకారం వెనక్కి జరగదు. జ్ఞా - న, ప్ర - సూ - న అనే వినిపిస్తుంది. రోజువారీ మాటల్లో చాలామంది ఇలాగే పలుకుతారు, అది తప్పు కాదు. సమాసంగా కలిపి, పద్యంలోనో స్తోత్రంలోనో చదివేటప్పుడు మాత్రం 'నప్' అని ఊనిక తప్పకుండా పడాలి. వెనక్కి జరిగిన పకారాన్ని విడిగా ఒక దెబ్బలా కొట్టి పలకడం కూడా బాగుండదు. పెదవులు మూసిన స్థితి కాస్త నిలిచి, రకారంలోకి జారితే సరిపోతుంది.

5. గురులఘువులను గుర్తించి నడకను సరిచూసుకోండి

తెలుగు పేరుకు నడకను ఇచ్చేది అక్షరాలను పలికే కాలవ్యవధి. ఇంగ్లీషులో ఒక ముక్క మీద బలం పెట్టి మిగిలిన వాటిని నలిపేస్తారు. తెలుగులో ఏ ముక్కా నలగదు. కొన్ని ఒక మాత్ర కాలం, కొన్ని రెండు మాత్రల కాలం నిలుస్తాయి. ఒక మాత్రది లఘువు, రెండు మాత్రలది గురువు. దీర్ఘాచ్చు ఉన్నది, ఐ, ఔలు ఉన్నది, సున్నతోనో విసర్గతోనో కూడినది, పొల్లు హల్లుతో ముగిసేది, సంయుక్త ద్విత్వాలకు ముందున్నది గురువు అవుతుందని ఛందస్సు చెబుతుంది. నాలుగో మెట్టులో చూసిన కోత అర్థమైతే ఈ చివరి నియమాన్ని బట్టీ పట్టవలసిన అవసరం లేదు. వెనక్కి జరిగిన హల్లు చేరడం వల్లనే ముందున్న అక్షరం బరువెక్కి గురువు అవుతోంది.

మన పేరులో జ్ఞా దీర్ఘం వల్ల గురువు, న తరువాత సంయుక్తాక్షరం ఉన్నందువల్ల గురువు, ప్ర లఘువు. సూ గురువు, నాం గురువు, బ లఘువు. 'నాం'లో దీర్ఘమూ ఉంది, సున్నా ఉంది. అయినా లెక్కకు రెండు మాత్రలే. మొత్తం పది మాత్రలు. వరుసను చూస్తే గురువు, గురువు, లఘువు అనేది రెండుసార్లు వచ్చింది. గురులఘువుల మూడేసి అక్షరాల గుంపులను గణాలంటారు; వాటిని గుర్తుపెట్టుకోవడానికి వాడే యమాతారాజభానసలగం సూత్రం తెలిసినవారికి ఇది వెంటనే తడుతుంది: గురువు, గురువు, లఘువు అంటే తగణం, 'తారాజ'. కాబట్టి జ్ఞానప్రసూనాంబ అనే పేరు 'తారాజ తారాజ' అనే నడకలో సాగుతుంది. ఈ పేరును నేర్చుకునేవారికి నేను మొదట చెప్పేది ఇదే: ముందు తారాజ తారాజ అని రెండు మూడుసార్లు అనుకుని, అదే కాలంలో జ్ఞానప్ర, సూనాంబ అని పలికి చూడండి. నడక కుదిరితే ఉచ్చారణ చాలావరకు కుదిరినట్టే. అర్థపు అతుకు జ్ఞాన దగ్గర ఉంటే గణపు అతుకు 'ప్ర' తరువాత పడిందని గమనించండి. గణవిభజన సాధన కోసం, అర్థవిభజన ఆగడం కోసం, రెండింటినీ కలపకూడదు.

ఒట్టి ప్రసూన అనే పేరు లఘువు, గురువు, లఘువు, అంటే జగణం. సుజాతది కూడా అదే నడక. రాధిక, మాధవి గురువు తరువాత రెండు లఘువులు గల భగణాలు. ఐశ్వర్య, శ్రీదేవి తగణాలు. కమల, లలిత, అరుణ మూడూ మూడు లఘువుల నగణాలు, విదేశాల్లో ఎక్కువగా దెబ్బతినేవి కూడా ఇవే. ఇంగ్లీషు మాట్లాడేవారికి మూడు సమానమైన హ్రస్వాలు వరుసగా పలికే అలవాటు లేదు; మధ్య అక్షరాన్ని సాగదీసి కమాలా, లలీటా, అరూనా అంటారు. ఇటువంటి పేరున్న వారు ఎదుటివారికి అక్షరాలను సరిదిద్దడం కంటే, మూడు సమానమైన చప్పట్లు కొట్టి ప్రతి చప్పట్టుకూ ఒక అక్షరం పలికి వినిపించడం త్వరగా ఫలిస్తుంది.

6. ఒక్కొక్క ధ్వనినీ దాని చోట నిలపండి

నడక కుదిరిన తరువాత ధ్వనుల సంగతి చూడాలి. మన పేరులో అన్నిటికంటే కష్టమైనది మొదటి అక్షరం. జ్ఞ అనే గుంపు రాతలో జకారం, ఞకారం. తెలుగువారి నోట అది గకారంతో మొదలై, నాలుక మధ్య భాగం అంగిలికి తాకే ఞకారంలోకి జారుతుంది. దాదాపు 'గ్న్యా' అని వినిపిస్తుంది. హిందీవారు దీన్ని 'గ్యా' అంటారు, మరాఠీవారు 'ద్న్యా' అంటారు, తమిళంలో మొదటి హల్లు పోయి 'ఞా' మిగులుతుంది. శ్రీకాళహస్తి తమిళనాడు సరిహద్దుకు దగ్గర కాబట్టి అక్కడి భక్తుల నోట ఈ పేరు రెండు విధాలుగానూ వినవచ్చు. ఎవరి భాషలో వారిది సరైనదే. తెలుగు పేరుగా పలికేటప్పుడు గకారాన్ని వదలకూడదు, ఞకారాన్ని ఒట్టి నకారంగా మార్చి 'గ్నా' అనకపోవడం మంచిది. సాధన కోసం ప్రజ్ఞ అనే పేరును తీసుకోండి. అందులో గుంపు మాట మధ్యలో ఉంది కాబట్టి ప్రగ్ - న్య అని విడిపోతుంది, నాలుకకు తేలిక. దాన్ని పదిసార్లు పలికి, ఆ తరువాత 'ప్ర' వదిలేసి మిగిలినదాన్ని పలికితే జ్ఞ దానంతట అదే కుదురుతుంది.

సున్న సంగతి చెప్పాలంటే, దానికి స్వంత ధ్వని లేదు. తన తరువాత వచ్చే హల్లును బట్టి మారుతుంది. అంబలో మకారం, సంధ్యలో నకారం, అంజలిలో ఞకారం, శంకర్‌లో ఙకారం. వంశీ, హంస, సింహాద్రి, సంయుక్త పేర్లలో తరువాత శ, స, హ, య ఉన్నాయి. తెలుగులో వీటి ముందు సున్న మకారానికి దగ్గరగా పలుకుతుంది కాబట్టి వమ్ - శీ, హమ్ - స అంటాం. ఉత్తరాదిలో ఇదే చోట నకారం వినిపిస్తుంది. సీతారామం, మల్లేశం వంటి పేర్ల చివర సున్న మకారంగానే ముగుస్తుంది, చివరి అక్షరాన్ని గురువు చేస్తుంది.

హకారం ముందుండే గుంపుల్లో రాతకూ నోటికీ తేడా ఉంది. బ్రహ్మ అని రాసినా తెలుగువారిలో ఎక్కువమంది మకారాన్ని ముందుకు తెచ్చి బ్రమ్ - హ అని పలుకుతారు. ప్రహ్లాద్ ప్రల్ - హాద్ అవుతుంది. సుబ్రహ్మణ్యం రాత ప్రకారం సుబ్ - రహ్ - మణ్ - యం, పలుకులో సుబ్ - రమ్ - హణ్ - యం, వాడుకలో హకారం ఇంకా పలచబడి సుబ్రమణ్యం. లాంఛనమైన సభలో రాత ప్రకారం పలకడం గౌరవమని కొందరి అభిప్రాయం. నా ఉద్దేశంలో మాత్రం తెలుగు నోటికి సహజమైన రెండో పలుకే సభకైనా తగినది, ఎందుకంటే తరతరాలుగా ఆ పేరున్నవారు తమను తాము చెప్పుకున్నది అలాగే.

కృష్ణ, ఋషి పేర్లలోని ఋకారాన్ని తెలుగువారు 'రు'కు దగ్గరగా, హిందీవారు 'రి'కి దగ్గరగా పలుకుతారు. మహాప్రాణాల విషయంలో సుధ, రాధ, మాధవి, భారతి పేర్లలో ధ, భలకు ఊపిరి కాస్త బలంగా వదలాలి, వాడుకలో అవి పలచబడుతున్నా జాగ్రత్తగా చదివేటప్పుడు నిలపడం మంచిది. ప్రసూనలోది నాలుక పళ్లకు తాకే నకారం, నారాయణలోది నాలుక మడిచి పలికే ణకారం.

చ, జలకు తెలుగులో రెండేసి పలుకులున్నాయి. అచ్చతెలుగు మాటల్లో అ, ఉ, ఒ మొదలైన అచ్చుల ముందు వాటిని నాలుకను పళ్ల దగ్గరకు తెచ్చి పలుకుతాం. ఈ పలుకును చూపడానికి ౘ, ౙ అనే గుర్తులు కూడా ఉన్నాయి. చుక్కమ్మ అనే పేరులో చకారం ఇటువంటిది. రాజు అన్నప్పుడు జకారం ఇటువంటిది, రాజేశ్వరి అన్నప్పుడు మాత్రం సంస్కృతపు జకారం. సంస్కృతం నుంచి నేరుగా వచ్చిన జయ, జానకి, చంద్రిక, చరణ్ పేర్లలో ఈ పళ్ల దగ్గరి పలుకులను (దంత్యాలను) పలకకూడదు. ఉర్దూ, అరబ్బీ నుంచి వచ్చిన పేర్లలో మరొక జాగ్రత్త కావాలి: ఫాతిమాలో మొదటి హల్లు కింది పెదవిని పై పళ్లకు ఆనించి పలికేది, ఫణిలో ఉన్నది పకారానికి ఊపిరి చేర్చినది. లిపిలో రెండూ ఒకటే, పలుకులో కాదు.

7. చివరి అచ్చును కాపాడండి

తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష. ప్రసూన అనే పేరు చివర అకారం ఒక మాత్ర కాలం పూర్తిగా వినిపించాలి. హిందీలో మాట చివరి అకారం పలకకపోవడం అలవాటు కాబట్టి అక్కడ ఇది ప్రసూన్ అవుతుంది. ఆ రూపంలో అది మగవారి పేరు. ఒక్క అచ్చు పోయినందువల్ల పేరు మారడమే కాదు, వినేవారు వ్యక్తినే వేరుగా ఊహించుకుంటారు.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు చివరి అచ్చును దీర్ఘం చేయడం. ఇందులో మన భాషా స్వభావం కూడా కొంత కారణం. ఎవరినైనా పిలిచేటప్పుడు చివరి అచ్చును సాగదీస్తాం: ప్రసూనా, రవీ, రాజూ. అది సంబోధన రూపం. పేరు చెప్పవలసినప్పుడు, జాబితా చదవవలసినప్పుడు హ్రస్వమే ఉండాలి. ఒక పేరును విని రాసుకునేవారు, తాము విన్నది పిలుపులోనా, ప్రస్తావనలోనా అన్నది గమనించాలి. ఇంట్లో తల్లి పిలిచినదాన్ని విని దీర్ఘంతో రాసుకుంటే పత్రాల్లో అది శాశ్వతంగా ఉండిపోతుంది.

8. తెలుగు రానివారికి చెప్పే పద్ధతి

ఇంగ్లీషు మాత్రమే తెలిసినవారికి పేరు నేర్పేటప్పుడు పత్రాల్లోని వర్ణక్రమాన్ని పక్కన పెట్టి, పలుకు ముక్కల మధ్య అడ్డగీతలు పెట్టి వేరుగా రాసి ఇవ్వండి. జ్ఞాన అనే భాగాన్ని జి, ఎన్ అక్షరాలతో మొదలుపెడితే, ఇంగ్లీషులో మాట మొదట ఆ జంటలో జి పలకదు కాబట్టి వారు 'నానా' అంటారు. జె, ఎన్ పెడితే ఎటూ తోచక ఆగిపోతారు. జి తరువాత ఒక చిన్న అచ్చు ఉన్నట్టుగా 'గి-న్యా' అని మొదట నేర్పి, తరువాత ఆ అచ్చును తగ్గించమనడం ఆచరణలో పనిచేసే పద్ధతి. సూ కోసం రెండు 'ఓ'లు రాస్తే వారు దీర్ఘంగానే చదువుతారు. ఇంగ్లీషువారి ఊనిక సహజంగా చివరి నుంచి రెండో ముక్క మీద పడే అవకాశం ఎక్కువ. ప్రసూనలో ఆ ముక్క సూ, అది ఎలాగూ గురువు కాబట్టి ఈ పేరుకు పెద్ద ఇబ్బంది లేదు.

రాసి ఇవ్వడంతో పాటు మీ గొంతుతో రెండు విధాలుగా రికార్డు చేసి పంపడం మరింత మంచిది: ఒకసారి ముక్కల మధ్య ఆగుతూ నిదానంగా, ఒకసారి మామూలు వేగంతో. నిదానపు రికార్డు ఒక్కటే ఇస్తే వారు పేరును ఎప్పటికీ ముక్కలుగానే పలుకుతారు.

9. పేరు గలవారి పలుకునే చివరి మాటగా తీసుకోండి

ఇంతవరకు చెప్పిన నియమాలన్నీ పేరు తెలియనప్పుడు దారి చూపడానికి. ఆ పేరు గల వ్యక్తి ఎదురుగా ఉండి, తన పేరును ఒక విధంగా చెప్పినప్పుడు, అదే సరైన పలుకు. వేంకట అనే రూపంలో వే దీర్ఘమని నిఘంటువు చెప్పినా, వెంకట అని హ్రస్వంతో పెట్టుకున్నవారి పేరు వెంకటే. తెలంగాణ పల్లెల్లో కిష్టయ్య అనే పేరున్న పెద్దాయనను సభలో కృష్ణయ్య అని దిద్ది పిలవడం ఆయనను గౌరవించడం కాదు. కిష్ - టయ్ - య అనేది తనంతట తాను పూర్తి పేరు, దానికి దాని విభజన ఉంది. లచ్చమ్మ, ఎంకన్న, యాదయ్య, పోచమ్మ అన్నీ ఇలాంటివే. అమెరికా ఉపాధ్యక్షురాలిగా పనిచేసిన కమలా హ్యారిస్ తన పేరును ఇంగ్లీషువారికి 'కామా' అనే విరామ చిహ్నం పేరును చూపి నేర్పారు. తెలుగులో మనం ఆ మాటను మూడు లఘువులతో పలికినా, ఆమె పేరును ఆమె చెప్పినట్టే పలకాలి.

జాబితా చదవవలసినవారు చేయవలసిన చివరి పని, ప్రతి కష్టమైన పేరుకూ ఒక చిన్న చీటీ తయారుచేసుకోవడం. పై వరుసలో పూర్తి పేరు తెలుగు లిపిలో, దాని కింద అడ్డగీతలతో పలుకు ముక్కలు, గురువుల కింద ఒక గీత, ఆగవలసిన చోట ఒక నిలువు గీత పెట్టుకోవాలి. మన పేరు చీటీలో జ్ఞా, న, సూ, నాం కింద గీతలు పడతాయి. ఒకే ఊపిరిలో చదివేవారు నప్ అని ముక్క కట్టి నిలువు గీత వదిలేయాలి. జ్ఞాన తరువాత నిలువు గీత పెట్టి ఆగేవారు మాత్రం న కింది గీతను తీసేయాలి, ఎందుకంటే ఆగినప్పుడు ఆ న లఘువుగానే మిగులుతుంది. ఈ చీటీని సభకు ముందే పేరు గలవారికి చూపి, ఒకసారి చదివి వినిపించి, వారు దిద్దిన చోట దిద్దుకోవాలి.